ఎస్‌ఎస్‌పీఎక్స్‌కూ రోముకూ రాజీ ఎందుకు కుదరడం లేదు? వాళ్ల పూజకు వెళ్లవచ్చా?

పాత లాటిన్ పూజను వదలని ఎస్‌ఎస్‌పీఎక్స్ (పునీత పదవ పయస్ సంఘం) గురువులకూ రోముకూ, అంటే వాటికన్‌కూ, ఇన్నేళ్లుగా రాజీ ఎందుకు కుదరలేదు, కతోలిక కుటుంబం వాళ్ల దగ్గరికి వెళ్లవచ్చా అని అడిగారు. మాది గుంటూరు వైపు కతోలిక కుటుంబం. అమెరికా వచ్చాక కొంతకాలం వాళ్ల చాపెల్‌కే వెళ్లాం.

గొడవ లాటిన్ గురించే అయితే 2007లోనే తీరిపోయేది. పాత పూజ చేసుకోవచ్చని 16వ బెనెడిక్ట్ పోపు గారు ఆ ఏడాది గురువులకు విస్తృతంగా అనుమతిచ్చారు. అసలు చిక్కు 1962–65లో కతోలిక బిషప్పులంతా కూడిన రెండవ వాటికన్ మహాసభ. మత స్వేచ్ఛ గురించి, ఇతర క్రైస్తవ శాఖలతో ఐక్యత గురించి మహాసభ చెప్పింది పాత బోధకు విరుద్ధమని ఈ సంఘం అంటుంది. మహాసభను ఒప్పుకోకుండా శ్రీసభలో పూర్తి స్థానం ఎలా ఇస్తామని రోము అడుగుతుంది. 2009 నుంచి 2011 దాకా ఇద్దరూ కూర్చుని చర్చించినా అది తేలలేదు.

దానికి తోడు అపనమ్మకం. 1988 మే 5న ఈ సంఘ స్థాపకుడు ఆర్చ్‌బిషప్ లెఫెవ్ర్, రోము తరఫున వచ్చిన కార్డినల్ రాట్జింగర్‌తో (తర్వాత ఆయనే 16వ బెనెడిక్ట్ పోపు) ఒప్పందంపై సంతకం చేసి, మర్నాడే వెనక్కి తగ్గారు. అప్పటికి ఆయనకు 82 ఏళ్లు. తన తర్వాత సంఘానికి గురువులను అభిషేకించే బిషప్ లేకుండా పోతారేమోనని భయం. జూన్ 30న పోపు అనుమతి లేకుండా స్విట్జర్లాండ్‌లోని ఎకోన్‌లో నలుగురిని బిషప్పులుగా అభిషేకించారు. రోము వెలి ప్రకటించింది. ఆ నలుగురి వెలిని బెనెడిక్ట్ గారు 2009లో ఎత్తేశారు కానీ, వారిలో ఒకరైన విలియమ్సన్ యూదుల ఊచకోతను కాదన్న ఇంటర్వ్యూ అప్పుడే బయటపడి పెద్ద దుమారం రేగింది.

నా ఉద్దేశంలో అన్నిటికన్నా ఎక్కువ నష్టం చేసింది 2021 జూలైలో పాత పూజపై రోము పెట్టిన ఆంక్షలు. ఫ్రాన్సిస్ పోపు గారు ఆందోళన పడ్డారంటే అర్థం చేసుకోగలను, పాత పూజ పేరుతో మహాసభనే తోసిపుచ్చేవాళ్లను నేనూ చూశాను. కానీ దెబ్బ తగిలింది బిషప్ మాట విని, ఆయన అనుమతితోనే పాత పూజకు వెళ్తున్న కుటుంబాలకు. మాకు తెలిసిన ఒక కుటుంబం వెళ్లే చోట పూజ ఆగిపోయింది. రోముతో రాజీ పడాలని చాపెల్‌లో వాదించేవాళ్లకు ఆ తర్వాత నోరు లేకుండా పోయింది. “విన్నవాళ్లకు ఏం దక్కిందో చూశారుగా” అని ఎవరైనా అంటే ఏం చెబుతాం?

మేం అక్కడ ఉండలేకపోయిన కారణం వేరు. మహాసభ తర్వాత వచ్చిన, స్థానిక భాషల్లో జరిగే కొత్త పూజకు వెళ్లవద్దని ఆ సంఘం విశ్వాసులకు చెబుతుంది. మా అమ్మకు తెలుగు పూజ, తెలుగు పాటలే ప్రాణం. ఆమె ఇక్కడికి వచ్చినప్పుడు, ఆమె జీవితమంతా పాల్గొన్న ఆ పూజకు దూరంగా ఉండమని మా పిల్లలకు నేను చెప్పలేకపోయాను. ఇప్పుడు ఎఫ్‌ఎస్‌ఎస్‌పీ గురువుల పారిష్‌కు వెళ్తున్నాం. 1988లో లెఫెవ్ర్ గారిని వదిలి రోముతో ఉండిపోయిన గురువులు స్థాపించిన సంఘం అది. పూజ అదే పాత పూజ.

మీ ఊళ్లో అలాంటిది ఉంటే ముందు అక్కడికి వెళ్లండి. లేక ఎస్‌ఎస్‌పీఎక్స్ దగ్గరికే వెళ్తే, పాపసంకీర్తనం విషయంలో టెన్షన్ అక్కర్లేదు: ఫ్రాన్సిస్ గారు 2015లో వాళ్లకు పాపక్షమాపణ ఇచ్చే అధికారం ఇచ్చి, 2016లో దాన్ని పొడిగించారు. పెళ్లి సంగతి అలా కాదు. 2017 ఏర్పాటు ప్రకారం స్థానిక బిషప్ అనుమతి ఉండాలి. ఆ కాగితం వచ్చిందో లేదో తేదీ పెట్టుకునే ముందే అడిగి తెలుసుకోండి.