జ్వరం వస్తే రేపటి కూలి ఎవరిస్తారు?

పాఠకుల ప్రశ్నలు, ఒక రిటైర్డ్ హెల్త్ సూపర్‌వైజర్ జవాబులు
నల్లగొండ, ఫిబ్రవరి 2022

ఈ నెల 1న బడులు మళ్లీ తెరిచారు. దాంతో ఈసారి ఉత్తరాల్లో ఎక్కువ భాగం పిల్లల గురించే. మిగతావి రెండో డోసు, డ్యూటీ, జీతం. పేర్లు వేయొద్దని అడిగారు కాబట్టి ఊరు మాత్రమే వేస్తున్నాను. "కరోనా అంతా మందుల కంపెనీల కుట్ర కాదా?" అంటూ పేజీలకు పేజీలు రాసిన నకిరేకల్ పెద్దమనిషికి: మీ చేతిరాత ముత్యాల్లా ఉంది సార్. ప్రశ్న మాత్రం నాకు దొరకలేదు.

మా బాబు సర్కారు బడిలో 8వ తరగతి. మా అత్తమ్మకు షుగర్, బీపీ ఉన్నాయి. "పిలగాడు బడి నుంచి కరోనా తెస్తే నేను పోతా" అని రోజూ ఏడుస్తుంది. నా భర్తేమో "ఇంట్లో ఉంటే వాడికి ఫోనే లోకం, పంపు" అంటాడు. వాడికి ఇంకా టీకా లేదు. మధ్యలో నేను నలిగిపోతున్నా. పంపాలా, వద్దా?
– ఒక తల్లి, దేవరకొండ

పంపండమ్మా. ఇవాళే పంపండి.

2007లోగానీ అంతకు ముందుగానీ పుట్టిన పిల్లలకే ఇప్పుడు టీకా వేస్తున్నారు. మీవాడికి ఇంకా రాలేదు. వచ్చేదాకా ఆపుదామంటే ఎన్నాళ్లు ఆపుతారు? టీకా ఉన్నది అత్తమ్మకు. ఆమెకు రెండు డోసులూ పడ్డాయో లేదో మీరు రాయలేదు, నా అనుమానం అక్కడే. 60 దాటినవాళ్లకు 2021 మార్చి నుంచి వేస్తున్నారు. రెండోది పడి 9 నెలలు అయితే, ఆమె వయసు 60 దాటి ఉంటే, ప్రికాషన్ డోసు (మూడోది) కూడా జనవరి 10 నుంచి ఇస్తున్నారు. ముందు ఆ పని చూడండి. వాడికి నాయనమ్మ పక్కలో పడుకునే అలవాటుంటే కొన్నాళ్లు మాన్పించండి. దగ్గు, జలుబు కనిపించిన రోజు బడికీ వద్దు, ఆమె దగ్గరికీ వద్దు.

ఇక వాడి చదువు లెక్క చూడండి. ఆరో తరగతి చివర్లో, 2020 మార్చిలో బడి మూతపడింది. ఏడో తరగతి టీశాట్, దూరదర్శన్ యాదగిరి చానెళ్లలో నడిచింది. 2021 ఫిబ్రవరి 24న బడి తెరిచి మార్చి 24న మళ్లీ మూశారు. ఎనిమిదో తరగతి సెప్టెంబర్ 1న మొదలై, సంక్రాంతి సెలవులతో ఆగి, జనవరి నెలాఖరు దాకా మళ్లీ నడవలేదు. మీకు టీవీ ఉందేమో, చందంపేట వైపు తండాల్లో నేను చూసిన చాలా ఇళ్లలో ఉన్నది ఒక్క ఫోను. అది నాయిన జేబులో పనికి పోతుంది. పాఠం పొద్దున వస్తుంది, ఫోను రాత్రి వస్తుంది. అట్లా గడిచిన చదువు ఇది.

ఇవాళ సాయంత్రం వాడికి పేపర్లో ఒక వార్త ఇచ్చి పైకి చదవమనండి. ఒక భాగహారం, శేషం వచ్చేది, వేయమనండి. తడబడితే తిట్టొద్దు. మర్నాడు ఆ కాగితం పట్టుకెళ్లి సారుకు చూపించండి. అదే నోటితో తరగతి కిటికీలు తెరిచి ఉంచుతున్నారా, మధ్యాహ్న భోజనానికి పిల్లల్ని దూరం దూరం కూర్చోబెడుతున్నారా అని అడగండి. మాస్కులన్నీ ఒకేసారి దిగేది అన్నం దగ్గరే.

మేము నాట్లు వేసే ముఠా, 12 మంది ఆడవాళ్లం. ఎకరానికి గుత్త మాట్లాడుకుంటాం. మొదటి సూదికి నలుగురం జ్వరమొచ్చి పడిపోయినం, మిగతావాళ్లు మా వంతు కూడా వేయాల్సి వచ్చింది. ఇప్పుడు రెండోది వేసుకోమని ఆశమ్మ రోజూ వస్తున్నది. మళ్లీ జ్వరం వస్తే రేపటి కూలి ఎవరిస్తారు?
– ముఠా తరఫున ఒకరు, చండూరు

ఎవరూ ఇవ్వరు చెల్లెలా. ఈ మాట ముందే చెప్పేస్తే మిగతాది మాట్లాడుకోవచ్చు.

టీకా బృందం రాగానే ఇళ్లకు తాళాలేసి పొలాల్లోకి వెళ్లినవాళ్ల గురించి పేపర్లలో వచ్చింది. అపోహలు, మూఢనమ్మకాలు అని రాశారు. కొంత నిజమే కావచ్చు. నేను ఉద్యోగమంతా ఈ పల్లెల్లోనే చేశాను. పల్స్ పోలియో చుక్కలకు బిడ్డను చంకనేసుకుని ఎదురొచ్చిన ఊళ్లే ఇవి. తేడా ఎక్కడుందంటే, చుక్కలు వేయిస్తే తల్లి కూలి పోదు. ఈ సూదికి పోతుంది. ఉపాధి హామీలో ఈ ఏడాది (2021-22) రోజు కూలి 245 రూపాయలు. సూది వేసుకున్న కూలి మనిషికి ఆ ఒక్కరోజు డబ్బు చేతిలో పెట్టి ఉంటే ఇంత తిరుగుడు ఉండేది కాదని నా అభిప్రాయం. నన్నెవరూ అడగలేదు, చెప్పాను.

ఇప్పుడు మీ సంగతి. మీరు మొదట వేసుకున్నది కోవిషీల్డ్ అయితే (ఫోన్ మెసేజ్‌లో ఉంటుంది, ఎవరితోనైనా చదివించుకోండి) జ్వరం, ఒళ్లు నొప్పులు ఎక్కువగా మొదటి డోసుకే. రెండోదానికి చాలామందికి అంత ఉండదు. వచ్చినా ఒకటి రెండు రోజులు. పారాసిటమాల్ వేసుకుని, నీళ్లు బాగా తాగి పడుకోవాలి.

ఒక రైతు మడి అయిపోయి ఇంకో రైతు మడి మొదలయ్యే మధ్య మీకు ఖాళీ రోజు దొరుకుతుంది కదా. దానికి ముందు సాయంత్రం అందరూ కలిసి వేసుకోండి. ఇందులో ఏఎన్ఎంకు కూడా లాభం ఉంది. కోవిషీల్డ్ సీసాలో 10 మందికి మందు. మూత తెరిచాక 4 గంటల్లో వాడేయాలి, మిగిలితే పారేయాలి. అందుకే ఇద్దరు వెళితే "ఇంకో నలుగుర్ని తీసుకురాండి" అంటుంది. 12 మంది ఒకేచోట ఉన్నామని చెప్పి చూడండి, నీలం డబ్బా భుజానేసుకుని తానే మీ వాడకు వస్తుంది.

కొత్త గుత్త మాట్లాడేటప్పుడు మీ ముఠా పెద్దను ఒక్క మాట అడగమనండి: జ్వరమొస్తే నాటు ఒకరోజు ఆలస్యమవుతుంది, దానికి గుత్త తగ్గించొద్దని. రైతు ఇంట్లో కూడా ఎవరో ఒకరు సూది వేసుకుని మూలిగే ఉంటారు, అర్థం చేసుకుంటాడు.

ముంబైలో బిల్డింగ్ పనికి పోతా. మొదటి డోసు ఇక్కడే అయింది. రెండోది వేసుకోలేదు, కానీ అయిపోయిందని ఫోనుకు మెసేజ్ వచ్చింది, సర్టిఫికెట్ కూడా దిగింది. మేస్త్రి "మంచిదే కదా, బండెక్కు" అంటున్నాడు. వదిలేయనా?
– ఒక కూలి, కోస్గి

మీ మేస్త్రికి కావాల్సింది కాగితం. ముంబై లోకల్ రైలు ఎక్కాలంటే రెండు డోసులూ పడి 14 రోజులు గడవాలని 2021 ఆగస్టు 15 నుంచి రూలు పెట్టారు కాబట్టి. సర్టిఫికెట్ చూసి టీసీ వదిలేస్తాడు తమ్ముడూ, కరోనా వదలదు. పైగా రేపు మూడో డోసు మీ వయసువాళ్లకూ వస్తే, మీ తేదీలన్నీ తప్పుల మీదే లెక్కేస్తారు.

దీనికి ఈ జనవరిలోనే దారి పెట్టారు. టీకాల నమోదుకు సర్కారు పెట్టిన కోవిన్ సైట్‌లో మీ నంబరుతో లోపలికి వెళితే సమస్య తెలిపే చోట, పడని డోసును రద్దు చేయమని అడగొచ్చు. సరిచేయడానికి 3 నుంచి 7 రోజులు పడుతుందన్నారు. మీసేవలోనో, చదువుకున్న పిల్లలతోనో చేయించండి. ఆ తర్వాత మొదట వేసుకున్న టీకానే వేయించుకోండి. కోవిషీల్డ్ అయితే 84 రోజులు, కోవాగ్జిన్ అయితే 28 రోజులు దాటాలి. గడువు దాటి ఎంతకాలమైనా మళ్లీ మొదటి నుంచి వేసుకోనక్కర్లేదు.

మందుల ఫ్యాక్టరీలో కాంట్రాక్టు మీద చేస్తున్నా. పాజిటివ్ వచ్చింది. సూపర్‌వైజర్ "ఇది ఒమిక్రాన్, జలుబు లాంటిదే, మూడో రోజు రా, లేకుంటే వేరేవాళ్లను పెట్టుకుంటాం" అన్నాడు. ఏం చేయాలి?
– చిట్యాల

పాజిటివ్ తేలిన రోజు నుంచి 7 రోజులు ఇంట్లో. అందులో చివరి మూడు రోజులు వరుసగా జ్వరం ఉండకూడదు. ఇది జనవరిలో కేంద్రం ఇచ్చిన హోం ఐసొలేషన్ పద్ధతి. ఆ ముక్క ఫోనులో మీ సూపర్‌వైజర్‌కు పంపండి, మాటల్లో వాదించొద్దు.

జీతం చీటీ తీసి చూడండి. ఈఎస్ఐ కోత ఉంటే, కాంట్రాక్టరు కింద పనిచేస్తున్నా, మీకు జబ్బు సెలవుకు డబ్బు వస్తుంది: సగటు రోజు జీతంలో 70 శాతం, ఏడాదికి 91 రోజుల వరకు. మొదటి రెండు రోజులకు రాదు. లెక్కలోకి వచ్చే ఆరు నెలల్లో 78 రోజులకు మీ పేరున చందా కట్టి ఉండాలి. ఈఎస్ఐ డిస్పెన్సరీ డాక్టరు సర్టిఫికెట్ ముఖ్యం, ప్రైవేటు ఆర్ఎంపీ చీటీ పనికిరాదు. మన హైవే పొడవునా ఫ్యాక్టరీల్లో చేసే పిల్లలకు ఈఎస్ఐ కోత తెలుసు, ఈ డబ్బు సంగతి తెలియదు. ఎవరూ చెప్పరు కూడా.

ప్రైవేటు స్కూల్లో లెక్కల సార్‌ని. 2020లో జీతం ఆపేశారు. టిఫిన్ బండి పెట్టుకున్నా. ఇప్పుడు కరస్పాండెంట్ సగం జీతానికి రమ్మంటున్నాడు, "నిలదొక్కుకున్నాక పెంచుతా" అంటున్నాడు. బండి మీదే ఎక్కువ వస్తోంది. ఇంట్లో మాత్రం "మళ్లీ సార్ అనిపించుకో" అంటారు.
– మిర్యాలగూడ

బండి దగ్గరికి మీ పాత విద్యార్థులు వస్తే ఏమని పిలుస్తున్నారు? సార్ అనే కదా.

2021 ఏప్రిల్ నుంచి సర్కారు మీ వాళ్లకు నెలకు 2000 రూపాయలు, 25 కిలోల బియ్యం ఇచ్చింది. అది రాకముందు ఏడాదిపాటు మీరు ఏం తిన్నారో ఆ స్కూలు అడిగిందా? ఈ విద్యా సంవత్సరం ఎట్లాగూ చివరికొచ్చింది. సగం జీతానికి ఇప్పుడు బండి మూసేస్తే గిరాకీ పోతుంది, మళ్లీ రాదు. పొద్దున టిఫిన్ అమ్మి, 10 తర్వాత పదో తరగతికి మాత్రం పీరియడ్ లెక్కన చెబుతానని అడగండి. ఒప్పుకుంటే వెళ్లండి. పూర్తి ఉద్యోగం మాట జూన్‌లో, పూర్తి జీతం కాగితం మీద ఉన్నప్పుడు.

ఇంటర్ సెకండియర్. కోవాగ్జిన్ రెండో డోసు ఈ వారం. అదే సమయానికి పీరియడ్స్ వస్తాయి. వాయిదా వేయాలా?
– నాగర్‌కర్నూల్

అక్కర్లేదు బిడ్డా. వేయించుకో. ఖాళీ కడుపుతో వెళ్లకు, లైన్లో నిలబడి కళ్లు తిరిగితే సూది మీదికి నెడతారు.

గీత కార్మికుణ్ని. సూది వేసుకుంటే చెట్టు ఎక్కొచ్చా? కల్లు మానాలా?
– మోత్కూరు

రెండో ప్రశ్నకు ముందు జవాబు, మీ వాడకందారులకూ పనికొస్తుంది. మద్యం వల్ల టీకా పనిచేయదని ఆధారమేమీ లేదని కేంద్ర ఆరోగ్య శాఖే చెప్పింది. కానీ తాగి పడుకుంటే, పొద్దున తల నొప్పి సూదిదో కల్లుదో తెలియదు, మీ ఆవిడ ఏఎన్ఎంను తిడుతుంది.

చెట్టు మాత్రం ఎక్కొద్దు. సూది వేసిన భుజం ఒకటి రెండు రోజులు లాగుతుంది, మోకు విసరడానికి రెండు చేతులూ సత్తువగా ఉండాలి. జ్వరం మీద తాడిచెట్టు సగంలో కళ్లు తిరిగితే పట్టుకునేవాళ్లెవరు? గీత ఒక్కపూట తప్పినా గెల పాడవుతుందని మీరు అంటారు, తెలుసు. తమ్ముడో బావమరిదో ఉంటే ఆ రెండు రోజులు మీ చెట్లు అప్పగించండి, తర్వాత వాళ్ల వంతు వచ్చినప్పుడు మీరు గీయండి. సాయంత్రం గీత ముగించుకుని వెళ్లి వేయించుకుంటే మొదటి రోజు పని పోదు. వేశాక అరగంట అక్కడే కూర్చోమంటారు, కల్లు అమ్మే వేళ అయిందని లేచి రావొద్దు.