సిలిండర్‌కి రంగు వేయించవచ్చా?

ప్రశ్న: నా స్కూబా సిలిండర్ (నీటి అడుగున డైవింగ్‌లో ఊపిరికి గాలి నింపుకునేది) అల్యూమినియంది, రంగు పెచ్చులు లేస్తోంది. పౌడర్ కోటింగ్ చేయించి, స్టిక్కర్లు అంటించుకోవచ్చా?
– ఒక పాఠకుడు, తిరువాన్మియూర్, చెన్నై

జవాబు: పౌడర్ కోటింగ్ మాత్రం వద్దండి. ఆ పొడి కరిగి పట్టాలంటే ఓవెన్లో 180 డిగ్రీల దాకా కాలుస్తారు, ఆ వేడికి అల్యూమినియం బలం తగ్గిపోతుంది, 200 బార్, అంటే మామూలు గాలి ఒత్తిడికి దాదాపు 200 రెట్ల ఒత్తిడితో గాలి నింపే వస్తువు కదా, పైకి ఎంత మెరిసినా నమ్మలేం. పెచ్చుల్ని ఎమరీ పేపర్‌తో మెల్లగా రుద్ది, గాలికి ఆరే ప్రైమర్, పెయింట్ వేయించండి. పైభాగంలో చెక్కిన అంకెలు, టెస్ట్ తేదీ పూడిపోకూడదు. స్టిక్కర్ల విషయానికొస్తే నాకైతే ఇష్టం లేదు: అంచు లేచిన చోట ఉప్పునీరు దూరి తెల్లటి పొడి కడుతుంది, గీకితే కింద గుంటలు కనిపిస్తాయి. సిలిండర్ అడుగున తొడిగే రబ్బరు బూటు లోపలా అదే బాధ, డైవ్ అవగానే దాన్ని ఊడదీసి మంచినీళ్లతో కడగండి.