పొరల మధ్య బలం ఎక్కడ పోతోంది?

ప్రశ్న: అల్ట్రాసోనిక్ అడిటివ్ మాన్యుఫ్యాక్చరింగ్ (అతివేగ కంపనంతో రేకులను అతికించే పద్ధతి) మెషీన్ మీద 6061 రకం అల్యూమినియం రేకులను ఒకదానిపై ఒకటి అతికించి దిమ్మె చేశాం. రేకుల వెంబడి లాగితే గట్టిగానే ఉంది. పొరలు విడిపోయే దిశలో లాగితే మాత్రం సగం బలం కూడా రావడం లేదు, టక్కున ఊడిపోతోంది. కోసి పాలిష్ చేసి మైక్రోస్కోప్‌లో చూస్తే అతుకు 98 శాతం పడినట్టే ఉంది. లోపం ఎక్కడ? లోపల ఆప్టికల్ ఫైబర్ సెన్సర్ కూడా పెట్టాలి.

జవాబు: ముందు ఆ 98 శాతాన్ని పక్కన పెట్టండి. దాన్ని నమ్ముకుని ఎన్ని సెట్టింగులు మార్చినా దారి దొరకదు. పాలిష్ చేసిన ముక్కలో కనిపించేవి పెద్ద ఖాళీలే. అల్యూమినియం మెత్తన కాబట్టి పాలిష్ చేస్తుంటే చిన్న సందులు దానంతటవే పూడిపోతాయి. ఇక రేకుల మధ్య కొన్ని నానోమీటర్ల మందాన మిగిలిపోయిన ఆక్సైడ్, అంటే గాలి తగిలి లోహం మీద ఏర్పడే పొర, మామూలు మైక్రోస్కోప్‌కు అందదు. అక్కడ రెండు రేకులూ ఆనుకుని ఉన్నాయంతే, అతుక్కోలేదు.

మీరు చూడాల్సింది ఊడిపోయిన ముక్కను. పారేయకుండా ఉంచారనే ఆశిస్తున్నాను. దాన్ని భూతద్దం కింద పెట్టి, లైటు ఏటవాలుగా పడేలా తిప్పండి. రేకును నొక్కి కంపింపజేసే చక్రం, అదే సోనోట్రోడ్, దాని గరుకు అచ్చు ఎలా పడిందో అలాగే మెరుస్తూ కనిపిస్తే ఆ చోట అతుకు పడనే లేదు. అచ్చు చెరిగిపోయి, బూడిదరంగులో, పీకి చించినట్టుంటే అక్కడ లోహం నిజంగా అతుక్కుని, సాగి, ఆపైన తెగింది. ఏ రకం ఎంత మేర ఉందో ఫొటో తీసుకుని పెట్టుకోండి. నా దృష్టిలో ఏ శాతం కన్నా ఈ ఫొటోకే విలువ ఎక్కువ.

ఇంకో సంగతి కూడా గమనించండి: ఊడింది దిమ్మె అడుగు పొరల్లోనా, పైన పొరల్లోనా? పైన అయితే తప్పు సెట్టింగులది కాకపోవచ్చు. ఈ పద్ధతిలో లోహం కరగదు. పైరేకు సెకనుకు సుమారు 20,000 సార్లు అటూ ఇటూ కదులుతూ కింది రేకును రుద్దుతుంది. ఆ రాపిడికే ఎగుడుదిగుళ్లు నలిగి, ఆక్సైడ్ చిట్లి, లోపలి కొత్త లోహం బయటపడి అతుక్కుంటుంది. దిమ్మె ఎత్తు పెరిగి, కంపించే దిశలో దాని వెడల్పుకు దగ్గరవుతుంటే దిమ్మె కూడా సోనోట్రోడ్‌తో పాటే ఊగడం మొదలుపెడుతుంది. రెండూ కలిసి ఊగితే మధ్యలో రాపిడి ఏముంటుంది? అప్పుడు పవర్ పెంచి లాభం లేదు. దిమ్మెను కావలసిన దానికన్నా వెడల్పుగా కట్టి, అదనపు భాగాన్ని చివర్లో మిల్లింగ్‌తో (తిరిగే కట్టర్‌తో చెక్కి) తీసేయండి. పొడవాటి వైపు కంపన దిశలో ఉండేలా తిప్పి కట్టినా మంచిదే.

అడుగు పొరలే ఊడుతుంటే అప్పుడు సెట్టింగుల దగ్గరకు రండి. తొలితరం మెషీన్లకు ఒకటి రెండు కిలోవాట్ల శక్తే ఉండేది. తర్వాత 9 కిలోవాట్లవి వచ్చాయి. మీది పాతదైతే వేగం తగ్గించడం, బేస్ ప్లేటును కాస్త వేడిచేయడం ముందు ప్రయత్నించండి. కంపనం ఆంప్లిట్యూడ్, అంటే అటూ ఇటూ ఊగే దూరం, పెంచితే మేలే కానీ, హద్దు దాటితే రేకు చిరిగి సోనోట్రోడ్‌కే అంటుకుంటుంది. ఒకసారికి ఒక్కటే మార్చండి, మార్చిన ప్రతిసారీ ముక్కను లాగి విరవండి. సోనోట్రోడ్ అచ్చు మరీ లోతుగా ఉంటే ఆ గుంటలు పూడక ఖాళీలుగా మిగులుతాయి. అలాగని పూర్తిగా నున్నగా చేయాలనీ అనుకోవద్దు. రేకును పట్టుకుని కదపాలంటే ఆ గరుకు కొంత కావాలి.

ఇన్ని చేసినా అతికించిన దిమ్మెకు ఒకే ముక్కగా ఉన్న 6061 కడ్డీ బలం, అంటే టీ6 (హీట్ ట్రీట్‌మెంట్‌తో గట్టిపరచిన) స్థితిలో సుమారు 310 మెగాపాస్కల్స్, పొరలకు అడ్డంగా రావడం కష్టం. అక్కడ హీట్ ట్రీట్‌మెంటే ఆదుకుంటుంది. 530 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉంచి, నీళ్లలో ముంచి, ఆపైన 160–175 డిగ్రీల్లో కొన్ని గంటలు ఉంచి ఏజింగ్ చేస్తే లోహం గట్టిపడుతుంది. ఆ వేడికి పరమాణువులు రేకుల సరిహద్దు దాటి వ్యాపించడం వల్ల అతుకూ బలపడుతుంది. నీళ్లలో ముంచినప్పుడు ముక్క వంకరపోతుంది కాబట్టి చివరి మిల్లింగ్‌కు లోహం మిగిల్చి ఉంచండి.

మీ అసలు చిక్కు సెన్సర్. మామూలు ప్లాస్టిక్ పూత ఉన్న ఫైబర్ 530 డిగ్రీల్లో మాడిపోతుంది. నేనైతే కింది దిమ్మె మొత్తం ముందు కట్టి, హీట్ ట్రీట్‌మెంట్ చేయించి, పైముఖాన్ని కొత్త లోహం కనిపించేదాకా మిల్లింగ్ చేస్తాను. ఆ తర్వాత గాడి తీసి ఫైబర్ పెట్టి మిగతా కొద్ది పొరలూ వేస్తాను. ఆ పైపొరలు బలహీనంగానే ఉంటాయి. అందుకని పొరలను విడదీసే లోడు ఆ చోట పడకుండా డిజైన్ మార్చాలి. ఇది మెషీన్ దగ్గర కాదు, డ్రాయింగ్ దగ్గరే తేల్చుకోవలసిన విషయం.

ప్రశ్న: అల్యూమినియం మీద రాగి రేకు వేశాం. దానికీ ఇదే హీట్ ట్రీట్‌మెంట్ చేయవచ్చా?

జవాబు: వద్దు. ఆ వేడిలో రెండు లోహాల మధ్య పెళుసైన సమ్మేళనాల పొర మందంగా పెరుగుతుంది, అతుకు అక్కడే పగులుతుంది. పైగా 548 డిగ్రీలు దాటితే సరిహద్దు దగ్గర కరగడమే మొదలవుతుంది. మీ ముక్కకు బలం అతికించేటప్పుడే రావాలి. రాగి వేసే ముందు అల్యూమినియం ముఖాన్ని మిల్లింగ్ చేసి, తుడిచి, ఆలస్యం చేయకుండా రేకు వేయండి.