మోటర్ డబ్బాకి మెటామెటీరియల్ స్టిక్కరా?

ప్రశ్న: సార్ మాది పర్లాకిమిడి పక్క పల్లె. పొలంలో మోటర్‌కి సిమ్ వేసే స్టార్టర్ పెట్టించా, ఫోన్ కొడితే ఆన్ అవ్వాలి గానీ సగంసార్లు కాల్ కలవట్లేదు. ఏంటెనా ఇనుప డబ్బా లోపలే ఉంది, వేలెడు కూడా లేదు. పాతపట్నంలో ఒక షాపాయన ఇది మెటామెటీరియల్ స్టిక్కర్, అతికిస్తే చిన్న ఏంటెనా కూడా పెద్దదానిలా లాగుద్ది అంటన్నాడు. నిజమేనా ఏటి? కొనీమంటారా?

జవాబు: వద్దండి. మెటామెటీరియల్ అనేది నిజంగానే ఉంది, అందుకే ఆ పేరు చెప్తే జనం నమ్మేస్తున్నారు.

ముందు ఏంటెనా సంగతి. ఫోన్ సిగ్నళ్లు వాడేవాటిలో ఒకటైన 900 మెగాహెర్ట్జ్ తరంగం పొడవు సుమారు 33 సెంటీమీటర్లు, అందులో పావు వంతు, అంటే 8 సెంటీమీటర్లుంటే ఏంటెనా బాగానే పనిచేస్తుంది, మరీ కుదించేస్తే మనం ఇచ్చిన శక్తి గాల్లోకి పోకుండా ఏంటెనా చుట్టూనే పోగై మళ్లీ వెనక్కొచ్చేస్తుంది. ఆ వెనక్కొచ్చేదాన్ని రద్దు చేయడానికే ఏంటెనా పక్కన మెటామెటీరియల్ పెడతారు. బోర్డు మీద తరంగం కంటే బాగా చిన్నగా, చీలిక పెట్టిన రాగి రింగుల్లాంటివి అచ్చేస్తారు, దాని గుణం రసాయనం వల్ల కాదు, ఆకారం వల్ల వస్తుంది. ఏంటెనా కెపాసిటర్‌లా ప్రవర్తిస్తుంటే పక్కన ఈ ముక్క కాయిల్‌లా ఎదురు నిలబడుతుంది, రెండూ ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటే శక్తి బయటికి పోతుంది. 2010లో అమెరికాలో నిస్ట్ అనే ప్రభుత్వ సంస్థ వాళ్లు, తరంగంలో యాభయ్యో వంతు సైజు ఏంటెనాలు కూడా ఇచ్చిన సిగ్నల్‌లో 95 శాతం దాకా బయటికి పంపాయని ప్రకటించారు.

బ్రిటన్ శాస్త్రవేత్త పెండ్రీ ఈ రింగుల లెక్క చెప్పింది 1999లో. కానీ అంతకు వందేళ్ల ముందే, 1898లో, మన జగదీశ్ చంద్రబోస్ జనపనార మెలిపెట్టి దాంతో మైక్రోవేవ్‌లు ఊగే దిశను తిప్పి చూపించాడు, ఔను, మీ వైపు గోనెసంచులు నేసే జనపనారే! ఆకారంతో తరంగాన్ని ఆడించడమంటే అదే కదా.

ఇక చిక్కేంటంటే ఏంటెనా చిన్నదయ్యేకొద్దీ అది పట్టే ఫ్రీక్వెన్సీల పట్టీ ఇరుకైపోతుంది, చూ అనే ఆయన 1948లోనే లెక్కగట్టిన హద్దు ఇది, మామూలు మెటామెటీరియల్ ముక్క కూడా దీన్ని దాటలేదు. అందుకని ఏంటెనా, ఆ ముక్క రెండూ ఒకదానికొకటి కొలిచి చేయాలి. ఏ మోటర్‌కైనా అతికే స్టిక్కర్ అంటే అది దేనికీ కొలిచింది కాదన్నమాట, పైగా అందులో రేకు ఉంటే ఉన్న ట్యూనింగ్ కూడా చెడుతుంది.

మీ అసలు రోగం ఆ ఇనుప డబ్బాయే అనిపిస్తోంది. రేడియో తరంగాలు ఇనుము దాటవు, ఏదో సందుల్లోంచి కొంచెం వస్తుంటే సగంసార్లు కలుస్తోంది. సిమ్ బోర్డుకి ఏంటెనా బిగించే మరచుట్టు సాకెట్ ఉంటే వైరున్న బయటి ఏంటెనా తెచ్చి, డబ్బాకి బెజ్జం పెట్టి, పక్కనున్న కర్రకి నిటారుగా కట్టండి, వైరు మాత్రం పొట్టిగా ఉంచండి, పొడుగైతే దాన్లోనే సిగ్నల్ పోతుంది. బోర్డ్ ఏ బ్యాండ్‌లో, అంటే ఏ ఫ్రీక్వెన్సీల పట్టీలో పనిచేస్తుందో చూసి ఆ ఏంటెనాయే అడగండి. అప్పటికీ కలవకపోతే సిమ్ మార్చి చూడండి, మీ పొలం దగ్గర ఒడిశా టవరో ఆంధ్రా టవరో ఏది బలంగా ఉందో ఫోన్‌లోనే తెలుస్తుంది. ఆ షాపాయన ఈసారి సిగ్నల్ పెంచే బూస్టర్ అమ్మబోతే అదీ తీసుకోకండి, అనుమతి లేకుండా పెట్టడం మన దేశంలో నేరం.