శ్రేఢుల లెక్కలు రాస్తున్న అమ్మాయికి

అమ్మాయ్,

నువ్వు పంపిన శ్రేఢుల పాఠం, అంటే ఒకే నియమంతో సాగే సంఖ్యల వరుసల పాఠం, రెండుసార్లు చదివాను. మొదటిసారి మామూలుగా చదివాను. రెండోసారి పెన్సిల్ పట్టుకుని, ప్రతి లెక్కా నేను కూడా మళ్లీ చేస్తూ చదివాను. గణితం రాసినవాళ్ల రాతను అలాగే చదవాలి, లేకపోతే చదివినట్టు కాదు. నీ భాష శుభ్రంగా ఉంది, లెక్కల్లో తప్పులు రెండే రెండు. అయినా ఈ పాఠం పూర్తిచేసిన పిల్లవాడికి ఒక కొత్త లెక్క ఇస్తే చేయగలడా అని ఆలోచిస్తే, చేయలేడనే అనిపించింది. ఎందుకలా అనిపించిందో చెప్పడానికే ఈ ఉత్తరం.

నీ సాధనలన్నీ ఒకేలా మొదలవుతున్నాయి. "ఇచ్చిన దాని ప్రకారం మొదటి పదం 105, పదాంతరం (పక్కపక్క పదాల తేడా) 7" అని రాసి, వెంటనే సూత్రంలోకి దిగిపోతున్నావు. ఆ వాక్యం రాసేసరికే అసలు పని అయిపోయింది తల్లీ. 105 ఎక్కడి నుంచి వచ్చింది? ప్రశ్నలో ఆ సంఖ్యే లేదు. ప్రశ్నలో ఉన్నది "100కూ 500కూ మధ్య 7 గుణిజాలు ఎన్ని, వాటి మొత్తం ఎంత" అని మాత్రమే. ఆ మాటలకూ నీ మొదటి వరుసకూ మధ్య ఒక అడుగు ఉంది. పిల్లలు పడిపోయేది సరిగ్గా అక్కడే. సూత్రంలో సంఖ్యలు వేసి గుణించడం వాళ్లకు వచ్చు. మాటల్లో ఉన్నదాన్ని పదాల వరుసగా మార్చడమే రాదు. నువ్వు రాయాల్సింది ఆ అడుగు గురించి.

నీ మూడో పేజీలో ఉన్న ఆ లెక్కనే తీసుకుందాం. 100ను 7తో భాగిస్తే శేషం 2. కాబట్టి ఇంకో 5 కలిపితే 105, అదే మొదటి గుణిజం. 500ను భాగిస్తే శేషం 3, అది తీసేస్తే 497, అదే చివరిది. ఇప్పుడు వరుస కాగితం మీద కనిపించాలి: 105, 112, 119, ... 497. ఎన్ని పదాలు? 497లోంచి 105 తీసేస్తే 392, దాన్ని 7తో భాగిస్తే 56. క్లాసులో సగం మంది ఇక్కడే ఆగి 56 అని రాసేస్తారు. కానీ 56 అనేది అడుగుల లెక్క, పదాల లెక్క కాదు. 105 దగ్గర నిలబడి 56 సార్లు 7 చొప్పున ముందుకు వేస్తే 497 చేరతాం. బయలుదేరిన చోటు కూడా ఒక పదమే కాబట్టి పదాలు 57. మొత్తం 57 × 301 (301 ఎక్కడిదో తర్వాత చెప్తాను), అంటే 17157.

వరుసగా పాతిన గుంజల మధ్య ఖాళీలు గుంజలకంటే ఎప్పుడూ ఒకటి తక్కువే ఉంటాయి కదా. ఎన్‌వ పదం సూత్రంలో, అంటే మొదటి పదం + (ఎన్ − 1) × పదాంతరం అన్నదానిలో, "ఎన్ − 1" అని ఎందుకుందో ఆ ఒక్క బొమ్మ చెప్పేస్తుంది. నీ పాఠంలో ఆ సూత్రం మొదటి పేజీలోనే పెట్టెలో వేసి ఉంది, ఆ "ఒకటి తక్కువ" ఎక్కడిదో మాత్రం చివరిదాకా లేదు. బట్టీ పట్టినవాడికి ఎగ్జామ్ టెన్షన్‌లో ముందు మర్చిపోయేది ఆ ఒకటే.

ప్రతి పదాన్నీ ఒకే సంఖ్యతో గుణిస్తూ పోయే గుణశ్రేఢిలో ఇదే తప్పు ఇంకా గట్టిగా దెబ్బ కొడుతుంది. ఒక రకం సూక్ష్మజీవులు ప్రతి 3 గంటలకు రెట్టింపు అవుతాయి, ఇప్పుడు 50 ఉన్నాయి, 24 గంటల తర్వాత ఎన్ని ఉంటాయి అని నువ్వే ఇచ్చావు. 24ను 3తో భాగిస్తే 8 కాబట్టి పిల్లవాడు "8వ పదం" అనుకుంటాడు, 2ను 7 సార్లు గుణించి 6400 అంటాడు. సరైన జవాబు 12800. ఒకే సంఖ్య కలుపుతూ పోయే అంకశ్రేఢిలో ఒక పదం తప్పితే ఒక పదాంతరం మాత్రమే తేడా వస్తుంది. ఇక్కడ జవాబు ఏకంగా సగమైపోయింది. దీనికి మందు చాలా తేలిక: 0 గంటలకు 50, 3 గంటలకు 100, 6 గంటలకు 200 అని మూడు వరుసలు చేత్తో రాయించు. రెండో వరుసకు ఒక రెట్టింపు, మూడో వరుసకు రెండు. అలా అయితే 24 గంటల దగ్గర 8 రెట్టింపులు, 9వ పదం. వేరే వివరణ అక్కర్లేదు.

అందుకే నిన్ను అడిగేది ఒకటే. ప్రతి సాధనలోనూ సూత్రం కంటే ముందు మొదటి మూడు నాలుగు పదాలు రాయి, ఒక్కో పదం దేన్ని లెక్కపెడుతోందో దాని పక్కనే మాటల్లో చెప్పు. పేజీలు పెరుగుతాయని భయపడకు. లెక్కల సంఖ్య తగ్గించు. నీ పాఠంలో 40 లెక్కలున్నాయి, 15 చాలు.

అంకశ్రేఢా, గుణశ్రేఢా అన్నది తేల్చుకోవడానికి మన భాషే సగం పని చేసిపెడుతుంది. "ఇంత చొప్పున పెరుగుతోంది" అంటే కలపడం, "ఇన్ని రెట్లు అవుతోంది" అంటే గుణించడం. శాతం దగ్గరే జాగ్రత్త. "ఏటా 10 శాతం పెరుగుతుంది" అన్నప్పుడు 10 అనే సంఖ్య చూసి పిల్లలు కలిపేస్తారు. అది ఏటా 1.1తో గుణించడం. 10 శాతం పెరిగి, మళ్లీ 10 శాతం తగ్గితే మొదటికి రాదు, 100 కాస్తా 99 అవుతుంది. దీన్ని ఒకసారి స్వయంగా చేసి చూసిన పిల్లవాడు శాతాన్ని మళ్లీ కలపడు.

మొత్తం కట్టే సూత్రం గురించి. నువ్వు దాన్ని నేరుగా ఇచ్చేశావు, కింద "నిరూపణ అనుబంధంలో చూడండి" అన్నావు. అనుబంధం ఎవరూ చూడరమ్మా. ఆర్యభటుడు 499లో రాసిన తన గ్రంథంలో అంకశ్రేఢి మొత్తాన్ని రెండు రకాలుగా చెప్పాడు. మధ్య విలువ కనుక్కుని దాన్ని పదాల సంఖ్యతో గుణించడం ఒకటి, మొదటి చివరి పదాలను కలిపి పదాల సంఖ్యలో సగంతో గుణించడం రెండోది. నాకు మొదటిదే ఇష్టం. పదాలన్నీ సమానంగా సర్దితే ఒక్కోటీ ఎంతవుతుందో అదే మధ్య విలువ. ఎక్కువున్న చివరి పదం తక్కువున్న మొదటి పదానికి కొంత ఇస్తే ఇద్దరూ మధ్యకు వస్తారు, మిగతా జంటలూ అంతే. పైన 57 × 301లో 301 అంటే అదే, 105కూ 497కూ సరిగ్గా మధ్యలో ఉన్నది. ఇలా చెప్తే సూత్రం గుర్తుపెట్టుకోవాల్సిన పనే ఉండదు. పాత గణితంలో ఈ మొత్తాన్ని "సర్వధనం" అనేవారు, మంచి మాట, నీ పాఠంలో ఒకసారి వాడు.

గుణశ్రేఢికి ఈ సర్దుబాటు పనిచేయదు. అక్కడ ఎత్తు వేరే. 1 + 2 + 4 + 8 అని రాసి, దాని కిందే ప్రతిదాన్నీ రెట్టించి 2 + 4 + 8 + 16 అని రాయి. కింది వరుసలోంచి పై వరుస తీసేస్తే మధ్యలోవన్నీ పోయి 16 − 1 మిగులుతుంది. నిష్పత్తి, అంటే ప్రతిసారీ గుణించే సంఖ్య, 3 అయినా, సగమైనా ఇదే ఎత్తు. ఒక వరుసను దాని నిష్పత్తితో గుణించి, ఒక స్థానం జరిపి, తీసేయడం. పిల్లలతో సంఖ్యల మీద మూడుసార్లు చేయించాక అక్షరాల్లో రాయి, అంతకు ముందు వద్దు.

ఇక్కడ ఒక సంగతి నీకు తప్పకుండా చెప్పాలి. చదరంగం గడుల్లో మొదటి గడికి 1, రెండోదానికి 2, మూడోదానికి 4, ఇలా 64 గడులకూ రెట్టిస్తూ పోతే మొత్తం ఎంతో 11వ శతాబ్దానికి చెందిన పావులూరి మల్లన తెలుగు పద్యంలో పెట్టాడు. "శర శశి షట్క చంద్ర శర సాయక" అని మొదలవుతుంది. శరం అంటే బాణం, మన్మథుడికి అయిదు బాణాలు కాబట్టి 5. శశి 1, షట్కం 6, చంద్రుడు 1, మళ్లీ శరం 5, సాయకం అన్నా బాణమే, 5. వీటిని ఒకట్ల స్థానం నుంచి ఎడమకు పేర్చుకుంటూ పోవాలి. చివరికి వచ్చే సంఖ్య 18446744073709551615. ఇది 2⁶⁴ − 1. కాలిక్యులేటర్ లేకుండా ఆ పద్యంలో మొదటి మాట సరైనదో కాదో చూడమని పిల్లల్ని అడుగు. 2 ఘాతాల చివరి అంకెలు 2, 4, 8, 6 అని తిరుగుతుంటాయి. 64 నాలుగుకు గుణిజం కాబట్టి 2⁶⁴ చివర 6 ఉంటుంది, ఒకటి తీసేస్తే 5. శర! ఈ లెక్క మొదటిసారి చేసినప్పుడు నాకు ఒళ్లు పులకరించింది. ఇంత దగ్గరగా మన భాషలోనే ఉన్నదాన్ని మన పాఠాల్లో ఎందుకు పెట్టుకోకూడదు?

ఇక నీ తప్పుల్లో మొదటిది, బంతి లెక్క. 10 మీటర్ల ఎత్తు నుంచి వదిలిన బంతి ప్రతిసారీ పడిన ఎత్తులో 3/5 వంతు పైకి లేస్తుంది, ఆగేలోపు మొత్తం ఎంత దూరం తిరుగుతుంది? నువ్వు 10 + 6 + 3.6 + ... అని వేసి 25 మీటర్లు అన్నావు. బొమ్మ గీసి ఉంటే ఇది జరిగేది కాదు. 10 మీటర్లు కిందికి మాత్రమే. తర్వాతి 6 మీటర్లు పైకి ఒకసారి, కిందికి ఒకసారి. 3.6 కూడా రెండుసార్లు. కాబట్టి మొదటి 10ని విడిగా పక్కన పెట్టాలి. మిగిలిన 6 + 3.6 + 2.16 + ... మొత్తం 15, దాన్ని రెట్టిస్తే 30, పక్కన పెట్టిన 10 కలిపితే 40 మీటర్లు. శ్రేఢి 6తో మొదలవుతుంది, 10తో కాదు. కథలో మొదటి సంఘటనే శ్రేఢిలో మొదటి పదం కావాలని లేదు.

"వరుసలో ఉన్న మూడు సంఖ్యలు" అనే రకం లెక్కలు నువ్వు బాగా రాశావు. అంకశ్రేఢిలో మూడింటి మొత్తం 27, లబ్ధం 504 అన్నప్పుడు వాటిని ఎ − డి, ఎ, ఎ + డి అని తీసుకోవడంతో కలపగానే డి పోయి ఎ = 9 వచ్చేసింది, ఆ తర్వాత 4, 9, 14 రావడానికి ఎంతో పట్టలేదు. ఒక్క వాక్యం చేర్చు. నాలుగు సంఖ్యలైతే మధ్యలో ఎవరూ ఉండరు, ఖాళీ ఉంటుంది. అందుకే ఎ − 3డి, ఎ − డి, ఎ + డి, ఎ + 3డి అని తీసుకుంటాం, అప్పుడు పదాంతరం డి కాదు, 2డి. పిల్లలు చివర్లో డి విలువనే పదాంతరమని రాసి మార్కులు పోగొట్టుకుంటారు.

రెండు జవాబులు వచ్చే లెక్క దగ్గర నా అనుభవం ఒకటి చెప్తాను. రాయడం మొదలుపెట్టిన కొత్తలో ఒక గైడ్‌కు సాధనలు రాశాను. 20, 18, 16, ... అనే శ్రేఢిలో ఎన్ని పదాల మొత్తం 104 అన్నది లెక్క. వర్గ సమీకరణం వచ్చింది, జవాబులు 8, 13. నేను 13ను కొట్టేసి "ఇది అసాధ్యం" అని రాశాను. ఎందుకు అసాధ్యమో ఆలోచించలేదు, రెండొస్తే ఒకటి కొట్టేయాలని అలవాటు, అంతే. పుస్తకం అచ్చయి వెళ్లిపోయాక ఒక పిల్లవాడు ఉత్తరం రాశాడు. 9వ పదం నుంచి 13వ పదం దాకా 4, 2, 0, −2, −4, వాటి మొత్తం సున్నా, కాబట్టి 13 కూడా సరైనదే కదండీ అని. ఆ అయిదు సంఖ్యలు చూసిన క్షణం ఇప్పటికీ మర్చిపోలేను. ఎంతమంది పిల్లలు నా మాట నమ్మి సరైన జవాబును కొట్టేసి ఉంటారో! అప్పటి నుంచి ఏ జవాబునైనా కొట్టేసే ముందు దాన్ని శ్రేఢిలో పెట్టి చూస్తాను. నువ్వూ నీ 22వ లెక్కలో ఒకదాన్ని కారణం చెప్పకుండా వదిలేశావు. అక్కడ వచ్చింది భిన్నం, పదాల సంఖ్య భిన్నం కాలేదు కాబట్టి వదలడం సరే. ఆ కారణం రాయి.

సొంతంగా లెక్కలు తయారు చేసేటప్పుడు జవాబు నుంచి వెనక్కి రా. ముందు శ్రేఢిని రాసుకుని, దానిలోంచి ప్రశ్న తీయి. నీ రెండో తప్పు ఇక్కడిదే. మొదటి పదం 5, పదాంతరం 4, చివరి పదం 62 అని ఇచ్చావు. 62లోంచి 5 తీసేస్తే 57, దాన్ని 4 భాగించదు, ఆ శ్రేఢిలో 62 ఎప్పటికీ రాదు. దాన్ని 61 చేయి, 15 పదాలు, మొత్తం 495.

31వ లెక్క తప్పు కాదు, కానీ దానికి తోడుగా ఇంకోటి పెట్టమని నా కోరిక. ఎన్ పదాల మొత్తం 3ఎన్² + 5ఎన్ అయితే శ్రేఢి ఏది అని అడిగావు. 8, 14, 20 వస్తాయి, బాగుంది. దాని కిందే 3ఎన్² + 5ఎన్ + 1 అని ఇచ్చి, ఇది అంకశ్రేఢేనా అని అడుగు. మొదటి పదం 9, రెండు పదాల మొత్తం 23 కాబట్టి రెండోది 14, మూడింటి మొత్తం 43 కాబట్టి మూడోది 20. తేడాలు 5, ఆ తర్వాత 6. అంకశ్రేఢి కాదు. సూత్రం మాత్రమే వచ్చినవాడు దీన్ని తేలిగ్గా దాటేస్తాడు, మూడు పదాలు చేత్తో రాసినవాడికి దొరికిపోతుంది.

బంతి లెక్క, ఆ 62 సరిచేసి, మూడో పేజీని మొదటి నుంచి మళ్లీ రాసి పంపు. మిగతావి దాన్ని చూశాక మాట్లాడుకుందాం.

ఆశీస్సులతో.