గ్రీసు రాజధాని ఏథెన్స్‌లోని ప్రాచీన గుడి పార్థినాన్ బొమ్మ ఉన్న వెండి ‘రౌండ్’ నాణెమేనా?

కాదు. చూడ్డానికి అచ్చం నాణెంలాగే ఉంటుంది కానీ, నాణెం అనాలంటే దాన్ని ఒక ప్రభుత్వం డబ్బుగా జారీ చేయాలి, ఇప్పటి నాణేలైతే సాధారణంగా వాటి మీద ముఖవిలువ కూడా ఉంటుంది. రౌండ్ అనేది ప్రైవేటు టంకశాలలు కొట్టే వెండి బిళ్ల. దాంతో ఏథెన్స్‌లో కాఫీ కూడా కొనలేరు.

సాధారణంగా ఒక ట్రాయ్ ఔన్స్, అంటే 31.1 గ్రాములు ఉంటుంది. పది గ్రాముల తులం లెక్కన మూడు తులాల పైమాటే. 999 అని ఉంటే 99.9 శాతం వెండి అన్నమాట. ధరలో ఎక్కువ భాగం వెండిదే, పైన తయారీ ఖర్చు, డీలర్ లాభం. తిరిగి అమ్మేటప్పుడు ఆ పై డబ్బు చాలాసార్లు రాదు. అందుకే బొమ్మ నచ్చితేనే కొనండి.

బొమ్మ విషయానికొస్తే, క్రీ.పూ. 447లో కట్టడం మొదలైన పార్థినాన్‌ను వెండి మీద చెక్కడం నాకు భలే సబబుగా అనిపిస్తుంది. అప్పటి ఏథెన్స్ సంపదకు ఒక పెద్ద దన్ను దగ్గర్లోని లారియన్ వెండి గనులు. ఒకవైపు ఎథీనా దేవత, మరోవైపు గుడ్లగూబ ఉన్న ఏథెన్స్ వాళ్ల పాతకాలపు వెండి డబ్బు టెట్రాడ్రాక్మ్ సుమారు 17 గ్రాములు తూగేది. అది మాత్రం అసలైన నాణెం. ఇప్పటి రౌండ్ల మీద కూడా ఆ గుడ్లగూబ తరచూ కనిపిస్తుంది.