టెక్ సందేహాలు: రిపేరుకిచ్చే లాప్‌టాప్, అమెరికాకు పంపే దస్తావేజులు

ఈ వారం అందిన ప్రశ్నల్లో ఎక్కువ భాగం సొంత పత్రాలను, మెయిళ్లను ఇతరుల కంట పడకుండా కాపాడుకోవడం గురించే ఉన్నాయి కాబట్టి, మిగిలిన వాటిని వచ్చే వారానికి వాయిదా వేసి వీటికే జవాబులు ఇస్తున్నాను. దాదాపు అందరూ ఏ సాఫ్ట్‌వేర్ మంచిదని అడిగారు. అంతకన్నా ముందు తేల్చుకోవలసినవి రెండున్నాయి: ఆ పత్రాలను ఎవరి నుంచి కాపాడాలి, వాటిని తెరిచే పాస్‌వర్డ్ లేదా కీ ఎవరి దగ్గర ఉంటుంది. పాస్‌వర్డ్ లేదా కీ లేనివారికి అర్థం కాని రూపంలోకి ఫైలును మార్చడమే ఎన్‌క్రిప్షన్. నేటి ఎన్‌క్రిప్షన్ సూత్రాలను ఛేదించి ఇంటి ఫైళ్లు దోచినవారు అరుదు. పాస్‌వర్డ్ ఊహించి, లేదా ఎక్కడో మరిచిపోయిన మామూలు కాపీని చూసి దోచినవారే ఎక్కువ.

ప్రశ్న: మా లాప్‌టాప్‌లో ఆధార్, పాన్ కార్డులు, పట్టాదారు పాసుపుస్తకం, ఆదాయపు పన్ను రిటర్నుల స్కాన్ కాపీలన్నీ ఒకే ఫోల్డరులో ఉన్నాయి. కీబోర్డు పాడైనందున రిపేరుకు ఇవ్వాలి. విండోస్ 11 హోమ్ ఎడిషన్ వాడుతున్నాం. ఆ ఫోల్డరుకు పాస్‌వర్డ్ పెట్టడం ఎలా? (ఖమ్మం నుంచి ఒక పాఠకురాలు)

విండోస్ హోమ్ ఎడిషన్‌లో ఒక ఫోల్డరుకు విడిగా పాస్‌వర్డ్ పెట్టే సదుపాయం లేదు. ప్రొఫెషనల్ ఎడిషన్‌లో ఫోల్డరు ప్రాపర్టీస్‌లో ఎన్‌క్రిప్ట్ చేసే గడి ఒకటి ఉన్నా, అది మీ విండోస్ లాగిన్‌తో ముడిపడి ఉంటుంది కనుక, మీ లాగిన్ పాస్‌వర్డ్ తెలిసిన మెకానిక్‌కు ఆ ఫైళ్లు మామూలుగానే తెరుచుకుంటాయి. ఫోల్డర్ లాక్ అంటూ ఉచితంగా దొరికే చిన్న ప్రోగ్రాముల్లో చాలావరకు ఫోల్డరును దాచిపెడతాయే తప్ప ఎన్‌క్రిప్ట్ చేయవు. ఇక ఎన్‌క్రిప్షన్ లేని డిస్క్ మీద లాగిన్ పాస్‌వర్డ్ ఒక్కదాన్నే నమ్ముకోవడం వీధి తలుపుకు తాళం వేసి పెరటి తలుపు బార్లా తీసి ఉంచడమే. డిస్క్ ఊడదీసి మరో కంప్యూటరుకు తగిలిస్తే అందులోని ఫైళ్లు ఏ పాస్‌వర్డూ అడగకుండా కనిపిస్తాయి.

మొత్తం డిస్క్‌ను ఎన్‌క్రిప్ట్ చేసే సదుపాయం విండోస్‌లోనే ఉంది. ప్రొఫెషనల్ ఎడిషన్‌లో దాన్ని బిట్‌లాకర్ అంటారు; హోమ్ ఎడిషన్‌లో చాలా యంత్రాల్లో డివైస్ ఎన్‌క్రిప్షన్ అనే పేరుతో, సెట్టింగ్స్‌లోని ప్రైవసీ అండ్ సెక్యూరిటీ విభాగంలో కనిపిస్తుంది. లాప్‌టాప్ బస్సులో పోయినా, దొంగల పాలైనా అది కాపాడుతుంది. కానీ మీ సమస్య వేరు. కొత్త కీబోర్డు పని చేస్తోందో లేదో చూడటానికి దుకాణంవారు లాగిన్ పాస్‌వర్డ్ అడుగుతారు, మీరు చెబుతారు, అక్కడితో డిస్క్ ఎన్‌క్రిప్షన్ రక్షణ ముగిసిపోతుంది. అందుకే మీకు కావలసింది విండోస్ లాగిన్‌తో సంబంధం లేకుండా, విడిగా మరో పాస్‌వర్డ్‌తో తెరుచుకునే భాండాగారం. దానికి నేను సూచించేది వెరాక్రిప్ట్.

ఇది ఉచితం, దీని సోర్స్ కోడ్, అంటే ప్రోగ్రాము మూల పాఠం, బహిరంగం. ఇదే పనికి ఒకప్పుడు ఎంతో ప్రచారంలో ఉన్న ట్రూక్రిప్ట్ అనే ప్రోగ్రామును దాని రచయితలు 2014 మేలో హఠాత్తుగా వదిలేశారు. దాని కోడ్ ఆధారంగా అంతకు ముందు ఏడాదే మొదలైన వెరాక్రిప్ట్ ఇప్పటికీ కొనసాగుతోంది. 2016లో స్వతంత్ర నిపుణులు దీన్ని తనిఖీ చేసి కొన్ని తీవ్రమైన లోపాలు బయటపెట్టగా, వాటిలో చాలావాటిని వెంటనే సరిచేశారు. లోపాలే లేవని చెప్పుకునే సాఫ్ట్‌వేర్ కన్నా, ఇలా బయటి వారి చేత పరీక్ష చేయించుకుని దిద్దుకున్న దాన్నే నేను నమ్ముతాను.

వెరాక్రిప్ట్‌లో క్రియేట్ వాల్యూమ్ నొక్కి, ఫైల్ కంటైనర్ (భాండాగారంగా పని చేసే ఒకే ఫైలు) అనే మొదటి పద్ధతిని, ఆ తర్వాత స్టాండర్డ్ వాల్యూమ్‌ను ఎంచుకోండి. ఫైలు ఎక్కడ ఉండాలో అడిగినప్పుడు కొత్త పేరు టైపు చేయాలి. చాలామంది తమ పత్రాన్నే ఎన్‌క్రిప్ట్ చేస్తుందనుకుని అక్కడ ఉన్న పీడీఎఫ్‌ను ఎంచుకుంటారు. అలా చేస్తే ఆ పత్రం ఎన్‌క్రిప్ట్ కాదు, చెరిగిపోయి దాని స్థానంలో ఖాళీ కంటైనర్ వస్తుంది. ఎన్‌క్రిప్షన్ పద్ధతిగా ముందే ఎంపికై ఉండే ఏఈఎస్‌ను అలాగే ఉంచండి. ఇద్దరు బెల్జియం శాస్త్రవేత్తలు రూపొందించిన ఈ పద్ధతిని అమెరికా 2001లో ప్రమాణంగా స్వీకరించింది, ఇన్నేళ్లలో దాన్ని ఛేదించే, ఆచరణలో పనికొచ్చే ఉపాయం ఎవరూ కనిపెట్టలేదు. స్కాన్ కాపీలకు రెండు జీబీల పరిమాణం సరిపోతుంది. తర్వాత ఆ కంటైనర్‌ను మౌంట్ చేస్తే, అంటే పాస్‌వర్డ్ ఇచ్చి తెరిస్తే, పెన్‌డ్రైవ్ మాదిరిగా కొత్త డ్రైవ్ అక్షరంతో కనిపిస్తుంది. ఫైళ్లను అందులోకి మార్చి, పని పూర్తికాగానే అన్‌మౌంట్ చేయాలి. పాత వెర్షన్లలో ఇదే మీట డిస్మౌంట్ అని ఉంటుంది. మౌంట్ అయి ఉన్నంతసేపూ ఆ ఫైళ్లు యంత్రం ముందు కూర్చున్నవారికీ, యంత్రంలో దూరిన వైరస్‌కూ మామూలు ఫైళ్లేనని గుర్తుంచుకోండి.

అసలు శ్రమ ఆ తర్వాత మొదలవుతుంది. ఫైళ్లను కంటైనర్‌లోకి మార్చినంత మాత్రాన పాత కాపీలు మాయం కావు. రీసైకిల్ బిన్, డౌన్‌లోడ్స్ ఫోల్డరు, వాట్సాప్‌లో పంపినప్పుడు మిగిలిన కాపీ, మీకు మీరే పంపుకున్న మెయిల్, డాక్యుమెంట్స్ ఫోల్డరును మీకు తెలియకుండానే అప్‌లోడ్ చేస్తున్న వన్‌డ్రైవ్, వీటన్నిటినీ వెతకాలి. బ్రౌజర్‌లో జీమెయిల్ లాగిన్ అయి ఉంటే మెకానిక్‌కు కంటైనర్‌తో పనేముంది, సెంట్ ఫోల్డరు చాలు. కనుక ఇచ్చే ముందు బ్రౌజర్ నుంచి లాగౌట్ చేయండి, వాట్సాప్ డెస్క్‌టాప్‌ను కూడా ఫోను నుంచి తొలగించండి. ఎస్‌ఎస్‌డీ (తిరిగే పళ్లెం బదులు చిప్‌లతో పని చేసే) డిస్కుల్లో చెరిపిన ఫైలు మీద మళ్లీ రాసి తుడిచేస్తామనే ప్రోగ్రాములను నమ్మలేం, ఎందుకంటే ఆ డిస్క్ కొత్త రాతను పాత చోటే రాస్తుందన్న హామీ లేదు. డివైస్ ఎన్‌క్రిప్షన్ మొదటి నుంచీ ఆన్‌లో ఉంటే, డిస్క్‌ను ఊడదీసి చూసినా ఆ మిగిలిపోయిన ముక్కలు అర్థం కావు. అందుకే రెండూ ఉండాలంటాను.

పాస్‌వర్డ్ విషయంలో మన దగ్గర ఒక చెడ్డ అలవాటు పాతుకుపోయింది. ఈ-ఆధార్ పీడీఎఫ్ పాస్‌వర్డ్ పేరులోని మొదటి నాలుగు పెద్ద అక్షరాలు, పుట్టిన సంవత్సరం. ఈ-పాన్‌కు పుట్టిన తేదీ. పేరూ పుట్టిన తేదీ తెలిసిన వారెవరికైనా అవి తెరుచుకుంటాయి, అయినా వాటిని చూసి పాస్‌వర్డ్ అంటే అలాగే ఉండాలని అందరూ అనుకుంటున్నారు. వెరాక్రిప్ట్ 20 అక్షరాలకు పైబడిన పాస్‌వర్డ్‌ను సిఫార్సు చేస్తుంది. ఒకదానితో ఒకటి పొంతన లేని ఐదారు తెలుగు మాటలను ఇంగ్లీషు అక్షరాల్లో వరుసగా రాసుకుంటే ఆ నిడివి సులభంగా వస్తుంది. అందరికీ నోటికి వచ్చిన పద్యపాదమో, పాట పల్లవో అయితే నిడివి ఉన్నా ప్రయోజనం లేదు.

ప్రశ్న: అమెరికాలో ఉన్న మా అబ్బాయికి ఇంటి సేల్ డీడ్, ఈసీ, జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ ముసాయిదా మెయిల్‌లో పంపాలి. జీమెయిల్‌లో కాన్ఫిడెన్షియల్ మోడ్ వాడితే సరిపోతుందా? పీజీపీ అనేది నేర్చుకోవాలా? (గుంటూరు నుంచి ఒక విశ్రాంత ఉద్యోగి)

కాన్ఫిడెన్షియల్ మోడ్ మెయిల్‌ను ఫార్వర్డ్ చేయకుండా, కొంతకాలం తర్వాత తెరుచుకోకుండా అడ్డుకుంటుంది గానీ, ఆ మెయిల్ గూగుల్ సర్వర్లలో గూగుల్ చదవగలిగే రూపంలోనే ఉంటుంది. చదివే వ్యక్తి స్క్రీన్‌ను ఫొటో తీయడాన్నీ ఆపలేదు. మామూలు జీమెయిల్ కూడా దారిలో ఎన్‌క్రిప్ట్ అయ్యే వెళుతుందన్నది నిజమే. మీరు భయపడవలసింది దారిని గురించి కాదు, ఇరువైపులా మెయిల్‌బాక్సుల్లో ఏళ్ల తరబడి పడి ఉండే కాపీలను గురించి. మీ అబ్బాయి మెయిల్ పాస్‌వర్డ్ మరో ఐదేళ్లకు ఎవరి చేతికైనా చిక్కితే, ఈనాటి సేల్ డీడ్ ఆనాడు వారికి కనిపిస్తుంది.

మెయిళ్లను, ఫైళ్లను ఎన్‌క్రిప్ట్ చేసే సాఫ్ట్‌వేర్ అయిన పీజీపీని అమెరికా ప్రోగ్రామర్ ఫిల్ జిమ్మర్‌మన్ 1991లో విడుదల చేశారు. అది దేశం దాటి వ్యాపించినందుకు, ఆయుధాల ఎగుమతి నియమాలను అతిక్రమించారంటూ అమెరికా కస్టమ్స్ శాఖ ఆయనపై మొదలుపెట్టిన దర్యాప్తు 1996లో గానీ ముగియలేదు. దాని ఆధారంగా రూపొందిన ఓపెన్‌పీజీపీ ప్రమాణాన్ని పాటించే ఉచిత సాఫ్ట్‌వేర్లు ఇప్పుడు చాలా ఉన్నాయి. ఇందులో ప్రతి ఒక్కరికీ రెండు కీలు ఉంటాయి. పబ్లిక్ కీ అందరికీ ఇవ్వవచ్చు, దానితో మీకు పంపే మెయిల్‌ను ఎన్‌క్రిప్ట్ చేస్తారు. ప్రైవేట్ కీ మీ దగ్గరే ఉంటుంది, తెరవగలిగేది అదొక్కటే. అందువల్ల ఇద్దరూ ముందుగా పాస్‌వర్డ్ చెప్పుకోవలసిన అవసరం లేదు. 2020లో వచ్చిన వెర్షన్ 78 నుంచి థండర్‌బర్డ్ మెయిల్ ప్రోగ్రాములో ఇది విడి యాడ్-ఆన్ లేకుండానే పని చేస్తోంది. అకౌంట్ సెట్టింగ్స్‌లోని ఎండ్-టు-ఎండ్ ఎన్‌క్రిప్షన్ విభాగంలో కీ తయారు చేసుకోవచ్చు.

అయితే ఇందులో ఇబ్బందులు ఉన్నాయి, వాటిని ముందే చెప్పడం న్యాయం. ఇద్దరూ వాడితేనే ఇది పని చేస్తుంది. మెయిల్ లోపలి విషయం, అటాచ్‌మెంట్లు దాగుతాయి గానీ ఎవరు ఎవరికి ఏ రోజు పంపారో దాగదు. సబ్జెక్టును థండర్‌బర్డ్ దాచగలదు, అన్ని ప్రోగ్రాములూ దాచవు. మీ అబ్బాయి పేరుతో వచ్చిన పబ్లిక్ కీ నిజంగా అతనిదేనని తెలుసుకోవాలంటే, వీడియో కాల్‌లో కీ ఫింగర్‌ప్రింట్ (ఆ కీని గుర్తుపట్టే సంకేతం) అంకెలూ అక్షరాలూ చదివించుకుని సరిచూసుకోవాలి. ఈ మెట్టును దాటవేసేవారే ఎక్కువ, అది దాటవేస్తే మిగిలిన శ్రమంతా దండగ. థండర్‌బర్డ్‌లో ప్రైమరీ పాస్‌వర్డ్ పెట్టకపోతే ఆ కంప్యూటరు ముందు కూర్చున్న వారెవరైనా మీ ప్రైవేట్ కీని వాడగలరు. ప్రైవేట్ కీ బ్యాకప్ లేకుండా కంప్యూటరు ఫార్మాట్ చేస్తే, పాత మెయిళ్లు మీకూ తెరుచుకోవు. 2018లో జర్మనీ పరిశోధకులు ముఖ్యులుగా ఉన్న బృందం ఎన్‌క్రిప్ట్ అయిన మెయిల్‌లోని విషయాన్ని బయటి చిత్రాల లింకుల ద్వారా రాబట్టే ఎఫెయిల్ అనే లోపాన్ని బయటపెట్టిన నాటి నుంచి, ఇలాంటి మెయిళ్లలో బయటి చిత్రాలను లోడ్ కానివ్వకూడదన్న జాగ్రత్త కూడా చేరింది.

కాబట్టి ఏడాదికి రెండు మూడు దస్తావేజులు పంపే మీకు నేను పీజీపీ నేర్చుకోమని చెప్పను. ఆడిటర్లు, లాయర్లు, నిత్యం ఒకే మనిషితో రహస్య పత్రాలు నడిపేవారు నేర్చుకోవాలి. మీరు 7-జిప్ అనే ఉచిత ప్రోగ్రాములో పీడీఎఫ్‌లన్నిటినీ ఎంచుకుని, 7జెడ్ ఫార్మాట్‌లో, పొడవైన పాస్‌వర్డ్‌తో ఒకే ఫైలుగా చేయండి. జిప్ ఫార్మాటే కావాలనుకుంటే పద్ధతిగా ఏఈఎస్-256 ఎంచుకోవాలి. అక్కడ కనిపించే జిప్‌క్రిప్టో అనే పాత పద్ధతిని ఛేదించే మార్గం 1994లోనే ప్రచురితమైంది. జీమెయిల్ అటాచ్‌మెంట్ పరిమితి 25 ఎంబీ కనుక పెద్ద స్కాన్లను కాస్త తగ్గించుకోవాలి. మెయిల్‌లో ఫైలు పంపి, పాస్‌వర్డ్‌ను ఫోన్‌లో నోటితో చెప్పండి. దాన్ని అదే మెయిల్ కింద రాసేవారు ఇంకా ఉన్నారు.

ప్రశ్న: అప్‌డేట్ తర్వాత మా కంప్యూటరు నీలం తెరతో బిట్‌లాకర్ రికవరీ కీ అడుగుతోంది. నేను బిట్‌లాకర్ ఎన్నడూ పెట్టలేదు. (వరంగల్)

మీరు పెట్టకపోయినా విండోస్ పెట్టి ఉండవచ్చు. 2024లో వచ్చిన విండోస్ 11 24హెచ్2 వెర్షన్‌ను కొత్తగా ఇన్‌స్టాల్ చేసి మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అయితే చాలా యంత్రాల్లో డిస్క్ ఎన్‌క్రిప్షన్ దానంతట అదే ఆన్ అవుతుంది. అప్పుడు 48 అంకెల రికవరీ కీ ఆ అకౌంట్‌లోకి చేరుతుంది. ఫోన్‌లో అదే అకౌంట్‌తో మైక్రోసాఫ్ట్ వెబ్‌సైటులోకి లాగిన్ అయి, డివైజెస్ విభాగంలో మీ కంప్యూటరు పేరు కింద చూడండి. నీలం తెర మీద ఉన్న కీ ఐడీ మొదటి అక్షరాలు అక్కడి ఐడీతో సరిపోలాలి. కంప్యూటరు అమ్మిన దుకాణంవారు తమ మెయిల్ ఐడీతో సెటప్ చేసి ఇచ్చి ఉంటే కీ వారి అకౌంట్‌లో ఉండవచ్చు, అక్కడ అడగండి. కీ ఎక్కడా దొరకకపోతే ఫార్మాట్ చేయడం తప్ప దారి లేదు, డబ్బు తీసుకుని తెరుస్తామనే వారి మాటలు నమ్మవద్దు.

ప్రశ్న: వెరాక్రిప్ట్ కంటైనర్‌ను గూగుల్ డ్రైవ్‌లో ఉంచవచ్చా? (మచిలీపట్నం)

ఉంచవచ్చు గానీ అనువుగా ఉండదు. లోపల ఒక్క పత్రం మారినా, మారిన ఫైళ్లను డ్రైవ్‌లోకి పంపే సింక్ ప్రోగ్రాము మొత్తం ఫైలును మళ్లీ పంపవలసి రావచ్చు. పైగా వెరాక్రిప్ట్ మామూలుగా కంటైనర్ తేదీని మార్చదు కనుక, ఫైలు మారిన సంగతి సింక్ ప్రోగ్రాము గుర్తించకపోవచ్చు. ప్రతి ఫైలునూ విడివిడిగా ఎన్‌క్రిప్ట్ చేసే క్రిప్టోమేటర్ ఈ పనికి తగినది.

ప్రశ్న: ఇలా ఎన్‌క్రిప్ట్ చేసుకోవడం చట్టవిరుద్ధమా? (పేరు రాయని పాఠకుడు)

కాదు. ఎన్‌క్రిప్ట్ చేసిన సందేశాల అసలు, చదవగలిగే రూపాన్ని 90 రోజులు భద్రపరచాలన్న నిబంధనతో 2015 సెప్టెంబరులో కేంద్రం ఒక ముసాయిదా విధానం ప్రకటించి, విమర్శలు రావడంతో కొద్ది రోజుల్లోనే వెనక్కి తీసుకుంది. అయితే ఐటీ చట్టం 69వ సెక్షన్ కింద, దేశ భద్రత, నేరాల దర్యాప్తు వంటి కారణాలతో అధికారం ఉన్న సంస్థ ఆదేశిస్తే డీక్రిప్ట్ చేయడానికి సహకరించాలి; నిరాకరిస్తే ఏడేళ్ల వరకు జైలు శిక్ష పడవచ్చు.

ప్రశ్న: అన్నిటికీ పాస్‌వర్డ్ పెట్టి ఉంచాను. నాకేదైనా అయితే మా ఆవిడ వాటిని ఎలా తెరుస్తుంది? (హైదరాబాద్)

మీరు చెప్పి ఉంచకపోతే తెరవలేరు. వెరాక్రిప్ట్, 7-జిప్‌లలో పాస్‌వర్డ్ మరిచిపోతే తిరిగి ఇచ్చే కార్యాలయం ఏదీ లేదు. కంటైనర్ పాస్‌వర్డ్‌నూ బిట్‌లాకర్ రికవరీ కీనీ కాగితం మీద చేతితో రాసి, ఏది దేనికో గుర్తు పెట్టి, బ్యాంకు లాకరులోనో, ఇంట్లో నగలూ అసలు దస్తావేజులూ ఉండే చోటో ఉంచండి. కంటైనర్ ఫైలు కాపీని ఒక పెన్‌డ్రైవ్‌లో వేసి వేరే చోట పెట్టండి, పెన్‌డ్రైవ్‌లు కూడా పాడవుతాయి కనుక అప్పుడప్పుడు తెరిచి చూస్తుండండి. ఆ తర్వాత ఒక ఆదివారం మీరు పక్కన కూర్చుని, ఏమీ అందించకుండా, ఆవిడ చేతనే కాగితం చూసి కంటైనర్ తెరిపించండి. ఏ మెట్టు దగ్గర ఆగిపోయారో దాన్ని కాగితంలో తెలుగులో వివరంగా చేర్చండి.